పదడుగుల వలయం

ఆదివారం ఉదయం మామగారికి ఉన్నది ఒకటే పని. పాత కళ్ళద్దాలు విరిగి వారమైంది, షాపుకి వెళ్ళి కొత్తవి తెచ్చుకోవాలి.

"పదింటికల్లా బయలుదేరండి మామయ్యగారూ. ఇవాళ వాయిదా వెయ్యకండి," అంది కోడలు టీ అందిస్తూ.

ఆ తొందర ఆయనకి నచ్చలేదు. ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కూర్చున్న మనిషి. పనివాళ్ళ చేతిలో టిఫిన్ డబ్బా ఊగే తీరు చూసి, లోపల ఉన్నది తిండా ఇత్తడి నట్లా అన్నది చెప్పేసేవాడు. అందుకే వంటగదిలో గ్లాసు పెట్టడానికి వెళ్ళినప్పుడు టీ పొడి డబ్బా కింద మడిచి ఉన్న కాగితం ఆయన కంట పడింది. కోడలి చేతిరాత. చెయ్యి చాపి దూరంగా పట్టుకుంటే పెద్ద అక్షరాలు మాత్రం అందాయి.

"వలయం పదడుగులు. వేసేటప్పుడు లోపల ఉన్నవాళ్ళు తర్వాత ఎన్నిసార్లయినా వెళ్ళి రావచ్చు. బయట ఉన్నవాళ్ళు ఎంత బతిమాలినా లోపలికి రాలేరు. ఆదివారం, పదకొండు గంటలు."

కింద ఇంకేదో సన్నగా ఉంది గానీ, అది ఆయనకి చీమలబారులా కనిపించింది.

కాగితాన్ని ఉన్నచోటే పెట్టేశాడు. గేటు దగ్గరా ఇదే పద్ధతి. సైరన్ మోగేలోపు రానివాడు ఆ రోజుకి రానివాడే. ఎంతమందిని వెనక్కి పంపాడో లెక్కలేదు. ఇప్పుడు ఈ ఇంట్లో తన చోటుకే సైరన్ మోగబోతోందన్నమాట.

హాల్లో కొడుకు మోకాళ్ళ మీద కూర్చుని టేపుతో నేల కొలుస్తున్నాడు. తన మంచం గోడవారకి జరిగిపోయింది.

"ఏంట్రా అది?"

"ఏం లేదు నాన్నా. పదడుగులు సరిపోతుందా అని."

"దేనికి?"

కొడుకు తన భార్య వైపు చూశాడు. ఆమె వంటగదిలోకి వెళ్ళిపోయింది.

అంతలో చిన్నకొడుకు ఫోన్ చేశాడు. "మా ఇంటికెప్పుడొస్తున్నావు నాన్నా? నీ గది సర్ది ఉంచాం." ప్రతి ఆదివారం అడిగే మాటే. కానీ ఈ ఆదివారం అది వేరేగా వినిపించింది.

"మీ అన్న చెప్పాడా?"

"ఏం చెప్పాలి?"

"సరేలే. నాకన్నీ తెలుసు," అని పెట్టేశాడు.

పదింటికి ఆయన మోకాలు పట్టేసింది. ఆటోలో తీసుకెళ్తానంటే కుదుపులు పడవన్నాడు. కొడుకే వెళ్ళి తెస్తానంటే, "ముక్కు మీద పెట్టి సరిచూడాలన్నారు. నా ముక్కు నువ్వెలా పట్టుకెళ్తావు?" అన్నాడు. కుర్చీ తెచ్చి హాలు నడిమధ్యన వేసుకుని, కొడుకు గీసిన సుద్దగీత లోపల కూర్చున్నాడు.

పదకొండుకి అయిదు నిమిషాలుండగా కింద ఎవరో పిలిచారు. వచ్చినవాళ్ళు తెచ్చిన బల్లని పైకి మొయ్యడానికి కొడుకూ కోడలూ దిగి వెళ్ళారు. మామగారు లేచి తలుపు గడియ వేశాడు. ఆ వేగానికి మోకాలే ఆశ్చర్యపోయి ఉంటుంది.

"మామయ్యగారూ, గడియ పడిపోయినట్టుంది."

"పడలేదమ్మా. వేశాను."

"ఎందుకండీ?"

"పదకొండయింది. వేసేటప్పుడు మీరు లోపల లేరు."

మెట్ల మీద బల్ల దించిన చప్పుడైంది.

"ఆ కాగితం చూశారా నాన్నా?" అన్నాడు కొడుకు. "అది ఆట. మేం బల్ల చుట్టూ కూర్చుని, తలో వేషం చెప్పుకుని ఆడే కథ. రాక్షసులు రాకుండా మాంత్రికుడు చుట్టూ వలయం వేస్తాడు. దాని నిబంధనలు అవి."

"రాక్షసులెవరు?"

"ఈ వారం నేనేనండీ," అంది ఒక కొత్త గొంతు మర్యాదగా. "మామూలుగా డ్రైవింగ్ నేర్పుతాను."

మామగారు నమ్మలేదు. ఆట నిజమైతే నిబంధనలు గట్టిగా ఉండాలి. తలుపుకి చెవి ఆనించి విచారణ మొదలుపెట్టాడు.

"బయటినుంచి బాణం వేస్తే?"

"తగిలి పడిపోతుంది."

"వలయం వేసినవాడు నిద్రపోతే?"

"ఫర్వాలేదు, ఉంటుంది."

"వాడే బయటికి వెళ్తే?"

"అప్పుడే పోతుంది. చుట్టూ ఎంతమంది ఉన్నా సరే."

"టీకి వెళ్ళినా?"

"టీకి వెళ్ళినా అంతే మామయ్యగారూ."

ఆయన గొంతు మెత్తబడింది. "ముప్పై ఏళ్ళు నాదీ అదే డ్యూటీ," అన్నాడు. వెంటనే అనుమానం మళ్ళీ తల ఎత్తింది. "మరి పొద్దున్నే నన్నెందుకు బయటికి తోలుతున్నావు?"

"కళ్ళద్దాలుంటేనే కదా కింద సన్నగా రాసింది చదువుతారు."

"ఏం రాశావు?"

"'వలయం వేసేది మామయ్యగారు' అని. రోజంతా ఒక్కరే కూర్చుంటున్నారు, మాతో కలుపుకుందామనుకున్నాం. ఆట మొదలుపెట్టేటప్పుడు మీ చేతికిద్దామని దాచాను."

 మామగారు గడియ తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఒక్కొక్కరినీ పేరూ, పనీ అడిగి లోపలికి వదిలాడు. డ్రైవింగ్ మాస్టారి వంతు వచ్చింది.

"రాక్షసుడినండీ."

"నువ్వాగు."

మాస్టారు అరగంట మెట్ల మీదే కూర్చున్నాడు.

కళ్ళద్దాలు ఇప్పటికీ షాపులోనే ఉన్నాయి. వెళ్ళి తెచ్చుకోమని ఎవరైనా అంటే, వలయం వేసినవాడు కదలకూడదని మామగారే గుర్తుచేస్తున్నాడు.