ఇనుము లేని ఇల్లు

"ఇకమీదట ఈ వార్డులో ఒక్క ఇల్లు కూడా పరీక్ష కాకుండా చేతులు మారదు!"

పార్టీ వార్డు అధ్యక్షులు పరబ్రహ్మం గారు మైకులో ఇలా ప్రకటించగానే వైశాలి నగర్ యావత్తూ చప్పట్లు కొట్టింది. ఏ అధికారంతో ప్రకటించారని అడిగేంత మర్యాద తెలియనివాళ్లు అక్కడెవరూ లేరు. గృహ భద్రతా అభియాన్‌కి చీఫ్ ఇన్‌స్పెక్టర్‌గా తన బావమరిది మనోజ్‌కుమార్‌ని అక్కడికక్కడే నియమించారు. మనోజ్‌కుమార్ పదేళ్లు టెంట్‌హౌస్ నడిపినవాడు. ఏది నిలబడుతుందో, ఏది కూలుతుందో అతనికి తెలిసినంతగా ఇంజనీర్లకు తెలియదని అధ్యక్షుల వారి నమ్మకం.

ఈ మహత్తర పథకానికి తొలి లబ్ధిదారు బంగార్రాజు. స్టీల్ ప్లాంట్‌లో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాడు. కింద రెండు షాపులు, మేడ మీద కాపురం. భార్య సత్యలక్ష్మి మోకాళ్లు ఆ పద్దెనిమిది మెట్లతో మాట్లాడటం మానేశాయి. పాపం, ఆమె వీధి మొహం చూసి నెల దాటింది. రుఆబాంధా వైపు మెట్లు లేని చిన్న ఇల్లొకటి దొరికింది కానీ, దాని యజమాని ఆదివారం దాకానే ఆగుతానన్నాడు. ఈ మేడ కొంటానన్న స్కూలు మాస్టారు కృష్ణమోహనేమో, అభియాన్ వార్త చదివి, సర్టిఫికెట్ చూశాకే అడ్వాన్స్ అన్నాడు.

మనోజ్‌కుమార్ ఇనుము కనిపెట్టే మెషీన్‌తో వేంచేశాడు. గోడకి ఆనించాడు. మెషీన్ కిమ్మనలేదు.

"అంకుల్, ఇంట్లో ఇనుమే లేదు. ఒక్క రాడ్ భీ నహీఁ."

బంగార్రాజుకి తల కొట్టేసినట్టయింది. దగ్గరుండి కడ్డీ కడ్డీ చూసి కట్టించుకున్న ఇల్లు.

"ఏటి బావూ, గోడకి మేకు దిగదు. కేలెండరుకి పాతికేళ్లనుంచి చోటెతుకుతున్నాం," అంది సత్యలక్ష్మి.

"ఆంటీ, మెషీన్ ఝూఠ్ నహీఁ బోల్తీ. అబద్ధం చెప్పదు."

"అయితే కింద ఇనప గేటుకెట్టి చూడు," అన్నాడు బంగార్రాజు.

గేటు దగ్గరా మెషీన్ మౌనం వీడలేదు. ఇన్‌స్పెక్టర్ నిష్పక్షపాతి. గేటు చెక్కదని రాసుకున్నాడు.

"అందులో సెల్లేశావేటి?" అడిగాడు బంగార్రాజు.

"సెల్ శాంక్షన్ అయింది అంకుల్. రావాలి."

రిపోర్టు చూసి కృష్ణమోహన్ వెనకడుగు వేశాడు. బంగార్రాజు పార్టీ ఆఫీసుకు పరిగెత్తాడు.

"నా వార్డులో ఒక పౌరుడి ఇంట్లో ఇనుము లేకపోవడమా? సహించను!" అన్నారు పరబ్రహ్మం గారు. వెంటనే పునఃపరీక్షకు ఆదేశించారు. మనోజ్‌కుమార్ ఈసారి రావడంలో కాలం వృథా చేయలేదు. సాయంత్రానికల్లా వాట్సాప్‌లో రిపోర్టు పంపించేశాడు. ఇంటి నిండా ఇనుము. నిర్మాణం అద్భుతం. లిఫ్టు చక్కగా పనిచేస్తోంది.

"మనకి లిఫ్టుందేటండీ? ఇన్నాళ్లూ నన్ను మెట్లెక్కించీసారా!" అంది సత్యలక్ష్మి.

కృష్ణమోహన్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. "రెండింటి మీదా ఒకటే సంతకం అంకుల్. దేన్ని నమ్మమంటారు?"

బంగార్రాజు మళ్లీ ఆఫీసుకు వెళ్లి, ఆ లిఫ్టు ఒక్కటీ రిపోర్టులోంచి కొట్టేయించమని బతిమాలాడు.

"కొట్టేయడమా? పేపర్‌కి ఇచ్చేశాం. వార్డులో మొదటి లిఫ్టు! ఆదివారం నేనే వచ్చి ప్రారంభిస్తా."

ఆదివారం బ్యాండు మేళంతో నలభై మంది కార్యకర్తలు దిగారు. ఆ హడావుడికి ముందే సత్యలక్ష్మి భర్త భుజం పట్టుకుని మెట్టుమెట్టుకీ ఆగుతూ కిందికొచ్చి కూర్చుంది. రొప్పుతూ మేడెక్కిన పరబ్రహ్మం గారు బాల్కనీలో ఖాళీ గోడకి కట్టిన రిబ్బను కత్తిరించారు. కార్యకర్తలు అక్కడే బ్యాండుకి తగ్గట్టు గెంతారు. అధ్యక్షుల వారు కూడా, భారీ మనిషే అయినా, పదవి మరిచి నాలుగు గెంతులు వేశారు.

కృష్ణమోహన్ ఆ బాల్కనీ కిందే నిలబడి, గోడ మీద అరచెయ్యి ఆనించి చూశాడు. అంత గెంతుడుకీ కిటికీ అద్దమైనా గలగలమనలేదు. జేబులోంచి అడ్వాన్స్ చెక్కు తీసి బంగార్రాజు చేతిలో పెట్టాడు.

"ఇంక రిపోర్టులెందుకు అంకుల్?"

బంగార్రాజు చెక్కు జేబులో పెట్టుకుని భార్యకి చెయ్యందించాడు. ఆటో పిలిచాడు. "రుఆబాంధా పోనీయ్ భయ్యా, జల్దీ."

పైన పరబ్రహ్మం గారు విలేకరులతో, తాను కిందికి లిఫ్టులోనే దిగుతానని ప్రకటించారు. మనోజ్‌కుమార్ ఆ గోడ పక్కనున్న కాలింగ్ బెల్ నొక్కి, లేడీస్ ముందు రావాలన్నాడు. ఆటో మలుపు తిరిగేదాకా సత్యలక్ష్మి వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. నలభై మందీ గోడకి ఎదురుగా, క్రమశిక్షణతో, లైన్లో నిలబడి ఉన్నారు.