యేసుదాసు ఏకపద వ్యాఖ్యా విజయము

ఏ సీమయందు మొగులు కమ్మినచో ముందు కరెంటు పోయి పిదప చినుకు రాలునో, ఏ సీమ నానుకొని గోదావరీ మహానది ఆషాఢ నవోదకముల నెర్రబారి, ఎవ్వరినీ పలుకరింపక తన దారిన తాను తూర్పునకు పోవుచుండునో, అట్టి లక్సెట్టిపేట పరిసర సస్యశ్యామల భూమియందు, నాట్లు ముగిసి కలుపులు మొదలుకాని ఒకానొక ఆదివారమున, మెథడిస్టు దేవాలయమునుండి మరలివచ్చి, కోడికూర భుజించి, కునుకు తీసి లేచి, నులకమంచముపై ఫోను చేతబూని ఆసీనుడైన యేసుదాసు సల్పిన ఘోరసంగ్రామమును వినుడు. నెత్తురు చిందలేదు. ఒక బొటనవ్రేలు మాత్రము కొంచెము నొచ్చినది.

యేసుదాసు ఎట్టివాడు? మూడెకరముల కృషీవల సార్వభౌముడు, తన పెండ్లినాడు పాస్టరుగారు "నీకు సమ్మతమేనా?" అని యడుగగా తల యూపి ఊరకుండి, నోట చెప్పవలెనని మూడుమార్లు గద్దింపబడిన మౌనధురంధరుడు. అట్టివానికి లోకమున ఒక్కటే వ్యసనము: పరుల బ్లాగులు చదువుట. మందమర్రి బొగ్గుగనిలో పనిచేయు కొడుకు జోయల్ తన పాత ఫోనును తండ్రి చేత బెట్టి, బ్లాగులను చూపిన నాటినుండి ఏడేండ్లుగా ఈ వ్యసనము పెరుగుచున్నదే గాని తరుగుట లేదు.

ఎన్ని బ్లాగులు! నలువది భాగముల కాశీయాత్ర వ్రాయబూని, పదునొకండవ భాగమునకును కరీంనగర్ బస్టాండు దాటని విశ్రాంత ఉపాధ్యాయవర్యుని బ్లాగు. "చాలా రోజులైంది, క్షమించాలి" అని ప్రతి టపాను మొదలుపెట్టి, ఆ క్షమాపణతోడనే ముగించు కవిశిఖామణి బ్లాగు. తన బ్లాగునకు నూరవ టపా యని అభినందనసభ జరుపుకొని, ఆ సభా విశేషములతో మరి పదునేడు టపాలు నింపిన వక్తృవరేణ్యుని బ్లాగు. యేసుదాసు అన్నియు చదువును. తానును "యేసుదాసు పొలం" అను బ్లాగును నడుపును. "ఇయ్యాల ముసురు" అని ఒక టపా. "మోటరు కాలింది" అని మరియొకటి. ఇట్టివి మూడువందలు. చదువరులు లేరు, ఆ కొరతయు అతనికి లేదు.

అయినను సకల బ్లాగు నక్షత్రములలో చంద్రబింబమువంటిది "కత్తిరింపులు". ఉట్నూరున కుట్టుమిషను త్రొక్కు ఫిర్దోస్ అను ఆమె, కుట్టిన లంగాలు, గౌన్లు మూటగట్టి అడవిపల్లెల సంతలకు పోవు తన బ్రతుకును ప్రతి ఆదివారము అందులో వ్రాయును. "మా తావుల జీపే బస్సు. ఇరవైరెండు మంది ఎక్కినంక డ్రైవరుకు జాగ దొరికితే బండి కదులుతది" అని ఆమె వ్రాసిననాడు యేసుదాసు మంచము కోళ్ళు కదలునట్లు నవ్వెను. వారమునకొక్కమారు ఇంటివారికి అతని పండ్లు కనబడు పూట అదియే.

కాని ఏడేండ్లలో అతడు ఒక్క వ్యాఖ్యయు వ్రాయలేదు. ఏలననగా ఆ పల్లెల మర్యాద యొకటున్నది. పరుల చేను పచ్చగా నున్నప్పుడు గట్టున నిలిచి కనులార చూతురు గాని, బాగున్నదని నోరు తెరువరు, దిష్టి తగులును. యేసుదాసు బ్లాగులను గూడ గట్టుమీదనుండియే చదివెను.

ఆ ఆదివారము, పొద్దు పడమటి తాటిచెట్లకు బారెడెత్తున నుండగా, "కత్తిరింపులు" తెరచిన మన వీరుని శిరమున పిడుగు పడినది. అందిట్లున్నది:

"ఏడేండ్ల సంది రాస్తున్న. చదువుతున్నమని ఒక్కరు సుత అనలే. గోడకు చెప్పుకున్నట్టున్నది. ఇయ్యాల పొద్దుగూకి మగ్రిబ్ అజా అయ్యేదాకా చూస్త. ఒక్కరన్నా ఉన్నమంటే సరే. లేకుంటే నమాజు చేసి లేచినంక బ్లాగు మొత్తం తీసేస్త. మిషిని పనే మస్తున్నది."

అప్పుడు యేసుదాసు హృదయకుహరమునుండి ఒక సింహనాదము వెడలినది: "ఓసీ సూచీధారిణీ! సంతలను సాహిత్యమొనర్చిన కుట్టుకళా విశారదా! ఏడు వర్షములుగా నీ అక్షరక్షేత్రపు గట్టుపై కావలియున్న నేనుండగా, నీవు గోడకు చెప్పుకొంటివా? నా భానువారములను బీడు చేయుదువా? తాళుము! ఇదే వచ్చుచున్నాను!"

ఇంతయు లోపల. బయటికి వచ్చినది, "ఊఁ."

వాకిట బియ్యములో మెరికెలు ఏరుచున్న అతని భార్య ఆనందమ్మ చేట దించినది.

"ఏమైంది, జోయల్ బాపూ? ఇంకా నవ్వుడు మొదలుకాలే. కూర అరగలేదా?"

"ఫిర్దోసు... బంజేస్తదట."

"అయ్యో! ఎందుకట?"

"ఎవరు సదువుతలేరట."

"నువ్వు సదువుతున్నవు గద?"

"ఊఁ."

"ఆ ముచ్చట ఆమెకు చెప్పినవా?"

యేసుదాసు చూరు వంక చూచెను.

"పచ్చటి చేను... బాగుందంటరానే?" అని గొణిగెను.

"చేనుకు చెవులుండయయ్యా, ఆమెకున్నయి! నాకైతే నీ సంగతి ఎరుక, ఆ బిడ్డకెట్ల ఎరుకైతది? వారమంత మొద్దు లెక్క కూసుంటవు, గా ఒక్క పూట మనిషి లెక్క నవ్వుతవు. అది సుత బందైతే నీతోని నాకు కష్టం. రాయి, జల్ది రాయి!"

అంతట వ్యాఖ్యాపేటిక తెరువబడినది. "బాగుంది" అని వ్రాయబోయి, దిష్టి దలచి చెరిపెను. తన పేరు, ఊరు, పట్టా నంబరు వ్రాసి, ఇది దరఖాస్తువలె నున్నదని చెరిపెను. చెమట తుడుచుకొని, కడపట, వామాంగుష్ఠముతో ఒక్కొక్క గుణింతమును నాగలి మొనవలె నదిమి, ఒకేయొక మహాపదమును నిలిపెను: "చదువుతున్న."

ప్రచురించు మీట నొక్కగా, దారి కడ్డముగా యంత్రరాక్షసి నిలిచి, "నేను రోబోను కాను" అని ప్రమాణము చేయుమనెను. గోళ్ళలో ఇంకను నాట్ల బురద వీడనివాడు, కాలిన మోటరును భుజమున మోసినవాడు, తాను యంత్రము కానని ఒక యంత్రమునకు చెప్పుకొనవలసిన కాలము వచ్చినది! అతడు గడిలో గీటు పెట్టెను. రాక్షసి తృప్తిపడక తొమ్మిది చిత్రములు పరచి, బస్సులన్నింటిని చూపుమనెను.

రెండు బస్సులున్నవి. ఒక జీపున్నది. ఫిర్దోసు వ్రాతలలో పండిపోయిన ఆ పాఠకాగ్రేసరుడు మూడింటిని నొక్కెను.

"మళ్ళీ ప్రయత్నించండి."

ఈమారు ట్రాక్టర్లు. యేసుదాసు మీసము దువ్వెను. ఈ విద్యలో తనకు గురువు లేడు! చిత్రములలో ట్రాక్టరొకటి, వరికోత మిషను ఒకటి. వరికోత మిషనును ట్రాక్టరనుటకు ఏ రైతుకు నాలుక వచ్చును? ఒక్కదానినే నొక్కెను.

"మళ్ళీ ప్రయత్నించండి."

పొద్దు తాటిమట్టలలో దిగినది. కరెంటు మధ్యాహ్నమే పోయియుండెను; ఫోనులో చార్జింగు నూటికి ఆరు పాళ్ళు. యోధుని నుదుట స్వేదబిందువులు, రాక్షసి చేత మరల బస్సుల పటము, అందొక మూల, బురదలో నిలిచి, పైన మూటలతో, మరల జీపు.

ఆనందమ్మ వచ్చి భుజముమీదుగా తొంగిచూచినది.

"దాన్నెందుకు ఒత్తుతున్నవు?"

"జీపే బస్సు."

"ఉట్నూర్ల! గీ ఫోను ఎప్పుడన్న ఉట్నూరు పోయిందా? దానికేం తెలుసు? జీపు ఎక్కనోడి లెక్క జూడు. వరికోత మిషిని సుత వానికి ట్రాక్టరే. వాడు అడిగింది వానికియ్యి, పీడ పోతది."

ఆహా, ఏమి ధర్మసంకటము! తెలిసినదానిని తెలియనట్లు చూచుట కంటె కఠినమగు యుద్ధవిద్య మరి యేది? "క్షమింపుము, శకటరాజమా!" అని అతని యంతరంగము విలపించెను. రెండు బస్సులను నొక్కి, జీపును దాని బురదలోనే విడిచెను.

పచ్చని గీటు వెలిగినది. వ్యాఖ్య నిలిచినది. లక్సెట్టిపేట మసీదునుండి గాలిలో అజా తేలివచ్చినది.

పదునైదు నిమిషములు గడచినవి. నమాజు ముగిసియుండునని తలచి యేసుదాసు మరల ఆ పుట తెరచెను. "ఈ పేజీ లేదు" అని యున్నది.

"పాయె," అనెను.

"జర మొదటికి పోయి చూడరాదు! తలకాయ చూడకుండ పాయెనంటవు."

మొదటికి పోయెను. బ్లాగున్నది. పైన క్రొత్త టపా:

"పొద్దుగాల రాసింది తీసేసిన. ఏడుపు రాత, సిగ్గయింది. ఎవరో చదువుతున్న అన్నరు. పేరు చూస్తే యేసుదాసు పొలం అని ఉన్నది. పొలాలు సుత చదువుతయని నాకు తెల్వదు. సరే, ఇనుండ్రి. పోయిన బేస్తారం సంతల ఒక మేక నా కొలతల టేపు నమిలింది. నలభై ఇంచుల కాడికి మిగిలింది. గంతకు మించి నడుమున్నోళ్ళు నేను కొత్త టేపు కొనేదాకా నా దగ్గరికి రాకుండ్రి."

ఆ ఏడుపు టపాతోబాటు దాని క్రింది వ్యాఖ్యయు మాసిపోయినది. ఏడేండ్ల మౌనమును భేదించి, రాక్షసిని మూడవ యత్నమున గెలిచి సాధించిన ఏకైక పదము, తాను గెలిచినందుననే భూమిపై లేకుండ పోయినది. క్రొత్త టపా క్రింద "వ్యాఖ్యలు: 0" అని యున్నది.

"మళ్ళ రాస్తవా?" అని ఆనందమ్మ యడిగినది.

అతడు వినలేదు. మేక దగ్గర నున్నాడు.

కావున ఓ గోదావరీ తీరవాసులారా, ఓ అడవిపల్లెల సంతజనులారా, స్తంభము లేదు, శాసనము లేదు, సాక్ష్యము సున్న, అయినను చాటుచున్నాము: ఉట్నూరు సీమలో ఒక మేక ఒక టేపును నమిలినదని, లక్సెట్టిపేట దాపున, చీకటి పడిన వాకిట, ఫోనులో రెండు పాళ్ళ చార్జింగు మిగిలియుండగా, ఒకడు పండ్లు కనబడునట్లు నవ్వెను. జయము!