పెట్టెలో పెట్టిన మా అత్తగారి గొంతు

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. సరే, మీ వల్ల కాదని మొహాలు చూస్తేనే తెలుస్తోంది. కానివ్వండి.

దీనికంతటికీ మూలం మన అనుమానాల మేస్టారు. పార్కు బల్ల మీద నా పక్కకి జరిగి, చుట్టూ చూసి, చెవిలో ఊదాడు. "మీ ఫోన్లో ఫోటోలన్నీ ఎవడో ముక్కూమొహం తెలియని కంపెనీవాడి దగ్గరున్నాయి. మీరు ఇంట్లో తుమ్మితే వాడక్కడ చేతిరుమాళ్ల బేరం పెడతాడు." ఈయన రాత్రిపూట తన ఫోన్‌కి రెండు దుప్పట్లు కప్పి పడుకోబెట్టే మనిషి, వినకుండా ఉంటుందని. అలాంటివాడి మాట నేను నమ్మాను.

మూలపడ్డ పాత కంప్యూటర్ని దులిపి హాల్లో టీవీ పక్కన కూర్చోబెట్టాను. దుమ్మంటే మామూలు దుమ్మా? అందులో వంకాయలు పండించుకోవచ్చు. దానికో సింక్ ప్రోగ్రామ్ ఎక్కించాను. నా ఫోను, మా ఆవిడ ఫోను, ఆ పెట్టె, మూడూ ఇంటి వైఫైలో కలుసుకుని ఒకదాంట్లో ఉన్నదే మిగతావాటిలోనూ ఉండేలా చూసుకుంటాయి. బయటివాడికి ప్రవేశం లేదు.

"సింకా?" అంది మా ఆవిడ. "వంటింట్లో ఒకటి కారుతోంది. ముందు దాని సంగతి చూడండి."

"ఇది వేరే సింకోయ్. ఇక మన గుట్టు గడప దాటదు."

"మన గుట్టేముందండీ? మీ గురకా, నా మోకాళ్ల నొప్పీ. ఎవరెత్తుకుపోతారు?"

"మీ అమ్మగారి గొంతుందిగా!"

మా అత్తగారు పోకముందు మా ఆవిడతో చెప్పుకున్న కబుర్లు ఫోన్లో రికార్డయి ఉన్నాయి. ఆవిడ గొంతు మిగిలింది అందులోనే. తల్లీకూతుళ్ల కబుర్లు మీకెందుకని మా ఆవిడ నన్ను మాత్రం విననివ్వలేదు. చెల్లెలికి పంపుతానంటే నేనే అడ్డం పడ్డాను. అమ్మ గొంతు ఎవడి కంపెనీ గుండానో వెళ్లడమా? వచ్చినప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి వినిపించమన్నాను.

కొన్నాళ్లు బ్రహ్మాండంగా నడిచింది. ఆ తర్వాత నా ఫోను ఆయాసపడటం మొదలుపెట్టింది. పడదూ మరి! మా ఆవిడ ఒక్క గులాబీని ముందునించి, వెనకనించి, పక్కనించి, అది నిద్రపోతున్నప్పుడు కూడా ఫోటో తీస్తుంది. అవన్నీ వచ్చి నా నెత్తిన పడ్డాయి.

చివరికి మరదలు వస్తున్న రోజు రానే వచ్చింది. మా ఆవిడ ఆమెని తీసుకురావడానికి బస్టాండుకి వెళ్లింది. ఈలోగా నేను నా ఫోన్ శుభ్రం చేశాను. గులాబీలు చెరిపాను. "అమ్మ" అన్న ఫోల్డరూ చెరిపాను. పెట్టెలో ఉంది, ఆవిడ దగ్గరుంది, మళ్లీ నా దగ్గరెందుకని.

హాయిగా ఊపిరి పీల్చుకుని పెట్టెలోకి తొంగిచూశాను. అక్కడా 'అమ్మ' ఖాళీ!

ఒకదాంట్లో ఉంటే అన్నింట్లో ఉంటుందని ఊదరగొట్టానే, ఒకదాంట్లో పోతే అన్నింట్లోనూ పోతుందని అప్పుడు తట్టింది. చెరిపినవాటిని కొంతకాలం దాచే ఏర్పాటు కూడా అందులో ఉంది. చోటు దండగని నేనే తీసేశాను.

గుండె జారి మోకాళ్ల దగ్గర ఆగింది. ఒక్కటే ఆశ. మా ఆవిడ ఫోను ఇంకా బయటే ఉంది. గడప తొక్కి వైఫై తగిలిందా, అందులోనూ తుడిచిపెట్టుకుపోతుంది. పరుగున వెళ్లి పెట్టె ప్లగ్గు, వైఫై ప్లగ్గు పీకేసి, ఆ సాకెట్‌కి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

తలుపు తెరుచుకుంది.

"బావగారూ, ఏంటా చెమటలు?"

"వ్యాయామం చేస్తున్నానమ్మా."

"కుర్చీలోనా?"

మా ఆవిడ ఫోన్ చూసుకుంటూ, "వైఫై లేదే! మా చెల్లిని చూడాలని వాళ్లాయన వీడియో కాల్‌కి రమ్మన్నాడు," అంది.

"రోడ్డు తవ్వి లైను తెంపేశారట. ఊరంతా ఇంతే. తవ్వుతుంటే కింద ఇంకో ఊరు బయటపడిందట!"

"పక్కింటావిడ నెట్లో సినిమా చూస్తోంది, పాటలు ఇక్కడిదాకా వినిపిస్తుంటేనూ!"

"నీ ఫోనొకసారి ఇటివ్వు, తుడిచిస్తాను."

"వద్దు. మొన్న మీరు తుడిచిన కళ్లజోడు ఇప్పటికీ కనపడటం లేదు."

"పోనీ అమ్మ గొంతు వినిపించు ముందు. ఇప్పుడే. నుంచునే!"

"దాన్ని మొహమన్నా కడుక్కోనివ్వండి," అని నెట్ లైన్‌మన్‌కి ఫోన్ చేసేసింది. ఆ మహానుభావుడు మా వీధిలోనే ఉన్నాడట. వచ్చి నా ఎదురుగా నుంచున్నాడు.

"సార్, కాస్త లేస్తారా?"

"లేవలేను నాయనా, నడుము పట్టేసింది."

అక్కాచెల్లెళ్లిద్దరూ చెరో పక్కా పట్టుకుని నన్ను కుర్చీతో సహా జరిపారు. లైన్‌మన్ వంగి చూసి, నా వంక జాలిగా చూసి, రెండు ప్లగ్గులూ పెట్టేశాడు. పచ్చదీపాలు వెలిగాయి. కాసేపటికి మా ఆవిడ చేతిలో ఫోను టింగుమంది.

"ఏమండీ, 'అమ్మ' ఫోల్డర్ ఖాళీ అయిపోయింది."

ఇక దాచేదేముంది? జరిగిందంతా చెప్పేశాను. మరదలు మెల్లగా సోఫాలో కూలబడింది.

"అక్కా, నేనింకా విననేలేదే..."

ఆ మాటకి నేను నిజంగానే నేలలోకి దిగిపోయాను. నెత్తి మీద జుట్టు మాత్రం కనిపించి ఉంటుంది, అదీ ఉన్నంతలో.

మా ఆవిడ చెల్లెలి పక్కన కూర్చుంది. "ఊరుకోవే. ఈయన పెట్టెకి నేనిచ్చింది నకలు. అసలుది నా ఫోన్లోనే ఇంకో చోట దాచుకున్నాను, ఈయన చెయ్యి పడకుండా."

"అంటే నా మీద నమ్మకం లేదా?" అన్నాను, ఉన్న పౌరుషమంతా కూడగట్టుకుని.

"అది అమ్మనే అడగండి," అంటూ ఫోన్లో ఆ రికార్డు నొక్కింది.

మా అత్తగారు గొంతు సవరించుకున్నారు.

"పెద్దమ్మాయీ, మీ ఆయన బంగారమేనే, కాదనను. కానీ ఏదన్నా బాగుచేస్తానని లేచాడంటే, ముందు ఆ వస్తువు తీసి దాచెయ్యి తల్లీ. మా గోడ గడియారం ఏమైందో చూశావుగా!"

ఆ తర్వాత ఆవిడ నవ్వు. ఎంత స్పష్టంగా ఉందో! ఇన్నాళ్లూ మా ఆవిడ దాన్ని నాకెందుకు వినిపించలేదో అప్పుడు అర్థమైంది.

మరదలు కళ్లు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది. "మళ్లీ పెట్టక్కా!"

మా ఆవిడ మళ్లీ పెట్టింది. ఈసారి, గుమ్మంలో చెప్పులేసుకుంటున్న లైన్‌మన్‌కి కూడా వినపడేలా పెట్టింది.