గెయిన్ కర్నూలుకు, బ్యాండ్‌విడ్త్ కడపకు

కర్నూలు, కడప జిల్లాల్లో ఇక చెవుడన్న మాటే ఉండదని మంత్రి వీరభద్రప్పగారు కల్లూరులో ప్రకటించారు. ఉచిత వినికిడి యంత్రాలు, వాటిలో ఇక్కడే రూపొందించే ఆంప్లిఫయర్ చిప్పు. సమీక్షకు నన్నూ పిలిచారు, కుర్చీలు నిండాలని. ఫ్యాను కింద కుర్చీ ఇచ్చారు. ఆ దయ మరువలేనిది.

చిప్పు డిజైనర్ భువన అంచనా వినిపించింది.

"శబ్దం వందరెట్లు పెరగాల సార్, అది గెయిన్. స, త లాంటి సన్న శబ్దాలు తెలియాలంటే ఐదువేల హెర్ట్జ్ దాకా అందుకోవాల, అది బ్యాండ్‌విడ్త్. రెండూ గుణిస్తే ఐదు లక్షలు. చిప్పు శక్తి అంతే. దుప్పటి తలకు లాగితే కాళ్లు బయటపడతాయి."

"వందేందమ్మా? కర్నూలంటే అంత అలుసా? వెయ్యి రాసుకో," అన్నారు మంత్రిగారు.

"అప్పుడు బ్యాండ్‌విడ్త్ ఐదొందలకు పడిపోతాది సార్. మోత తప్ప మాట తెలీదు."

కడప నాయకుడు జయపాల్ లేచాడు. "గెయినంతా మీరే పెట్టుకుంటే మేం యాడికి పోవాలప్పా? రేపే బంద్."

మంత్రిగారు అక్కడికక్కడే న్యాయం చేశారు. కర్నూలుకు గెయిన్ వెయ్యి. కడపకు గెయిన్ పదే అయినా, బ్యాండ్‌విడ్త్ యాభైవేలు.

"యాభైవేలంటే మనిషి చెవికందని గబ్బిలాల కూతలు సార్," అంది భువన.

"కడప గబ్బిలాలు ఎవరికి తీసిపోయినాయమ్మా?" అన్నాడు జయపాల్.

పంపిణీ రోజు కల్లూరు విశ్వాసమ్మ ముందు వరుసలో కూర్చుంది. ఆదివారం మనవరాలు స్తుతి చర్చిలో మొదటిసారి వాక్యం చదువుతుంది. అది వినాలని ఆమె ఆశ. యంత్రం పెట్టగానే స్తుతి నాలుగడుగుల దూరంలో నిలబడి చదివింది.

"ఉరిమినట్ల ఉండాది పాపా. మాటే తెలీడంల్యా."

కడప జిల్లా కమలాపురం ఓబన్న తన యంత్రాన్ని తట్టి చూసుకున్నాడు. "నాది ఆన్ చేసినారా అప్పా?"

"ఒకరికి శబ్దం, ఒకరికి స్పష్టత. రెండు జిల్లాలూ కలిసి వింటే సరి," అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి. అవి విశ్వాసమ్మకు బాగా వినిపించినట్టున్నాయి, ఉలిక్కిపడి యంత్రం తీసేసింది.

స్తుతి ఆమె చెవికి నోరానించి మెల్లగా మళ్లీ చదివింది. ముసలామె ముఖం విప్పారింది. అంతలోనే అడిగింది: "ఆదివారం నువ్వు ఆడ ముందర నిలబడతావు గదా. నేనేమో ఈడ బెంచీ మీద."



అప్పటికే దూరంగా కారు దగ్గరకు వెళ్లిపోయిన మంత్రిగారు అక్కడినుంచే వెనక్కి తిరిగారు. "పాపా, రెండోసారి చదివినప్పుడు ఒక మాట వదిలేసినావు. సరిచూసుకో."

నేను భువనను అడిగాను. "నీ అంచనా ప్రకారం ఒక్కటైనా చేయలేదా అమ్మా?"

"ఒకటి చేసినాం సార్," అంది భువన, మంత్రిగారి కుడిచెవి వైపే చూస్తూ.