ఇరవై ఒక్క శాలువాలు

ఇప్పచెట్లు రెండుసార్లు పూసిన ఏడు, ఎండలు ముదరకముందు, ఒక పెద్ద అడవిలో పదో తరగతి పరీక్షలు వచ్చాయి. ఆరు రోజులు, ఆరు పేపర్లు. ఒక్కటి తప్పినా మళ్లీ ఏడాది ఆగాలి.

ఆ బడిలో నూకాలు అనే ఏదుపంది పిల్ల చదివేది. చీమల బారు చూసి వాన ఎన్నాళ్లకి వస్తుందో చెప్పేది. వాన చూసి వాగు ఏ రాయిదాకా ఎక్కుతుందో చెప్పేది. నిరుడు ఏడో రాయి మునుగుతుందని చెబితే కుందేళ్లు బొరియలు ఖాళీ చేశాయి. ఏడో రాయి మునిగింది. ఎనిమిదో రాయి తడవలేదు.

కానీ ఆ పిల్ల పరీక్షలదాకా వస్తుందని ఎవరికీ నమ్మకం లేదు. ఇల్లు ఏదుల మెట్ట మీద, బడికి మూడు కోసుల దూరం. తండ్రి లేడు. తల్లి కాలు ఉచ్చులో పడి కుంటిదైంది. కింద ముగ్గురు చిన్నవాళ్లు. పొద్దున్నే లేచి దుంపలు తవ్వి, ఇంట్లో పడేసి, నడిచి వచ్చేసరికి రెండో గంట కొట్టేవాళ్లు. మొదటి గంటలో చెప్పేది లెక్కలే. ఏడాదంతా ఆ పాఠం వినకుండానే లెక్కల్లో ఆ పిల్ల మొదటిది. అదెలా సాధ్యమని అడిగేవాళ్లు ఉంటారు. ఏడాదంతా పాఠం విన్నవాళ్లకి లెక్కలు రాకపోవడం ఎలా సాధ్యమైందో ముందు వాళ్లు చెప్పాలి.

ఆ ఏడే వాగు కొలతల కొలువు ఖాళీ అయింది. పాత ఉద్యోగి నీటికాకికి చూపు ఆనక మానేసింది. పదో తరగతి ప్యాసైనవాళ్లకే ఆ కొలువు. దాంతోపాటు గట్టు మీద ఒక బొరియ, ఐదుగురికి సరిపడా దుంపలు. నూకాలు ప్యాసైతే తల్లీ పిల్లలూ మెట్ట దిగి వచ్చేస్తారు. తప్పితే కొలువు అటవీ మండలి అధ్యక్షులవారి మేనల్లుడికి పోతుంది. గోళ్లు లెక్కపెట్టమంటే గోళ్లు కొరుక్కునే ఎలుగు అతను. నిరుడే ప్యాసయ్యాడు. ఎలా ప్యాసయ్యాడంటే, పరీక్ష గుహలోకి తనతోపాటు ఒక నక్కని చంకలో పెట్టుకుని వెళ్లాడు. అందుకే ఈ ఏడు గుహ ద్వారం సన్నం చేశారు.

నూకాలు సంగతి దుప్పి మాస్టారికి తెలుసు. ఆయనకి ఒక కొమ్ము విరిగింది, మిగిలిన కొమ్ముతోనే పాఠం చెప్పేవారు. పరీక్షలు పన్నెండు రోజులున్నాయనగా ఆయన అటవీ మండలి ముందు నిలబడ్డారు.

"రెండే అడుగుతున్నాను," అన్నారు. "ఆరు రోజులు ఆ పిల్ల ఉండటానికి బడి దగ్గర ఒక బొరియ. ఆరు రోజులు వాళ్లమ్మకి దుంపలు. మిగతాది ఆ పిల్లే చూసుకుంటుంది."

మండలి అధ్యక్షులు ఎలుగుబంటిగారు కళ్లు తుడుచుకున్నారు. ఆయన మనసు మెత్తన. ఎవరి కష్టం విన్నా ఏడుపొచ్చేది, ఏడుపయ్యాక ఆకలేసేది.

"రెండేమిటి మాస్టారూ? ఇరవై రెండు చేద్దాం. ఈ అడవి బిడ్డ అది."

వెనక వరసలోంచి కుందేలు సన్యాసమ్మ లేచింది. "నా పక్క బొరియ ఖాళీగానే ఉందయ్యా. పిల్లని ఇవాళే వచ్చేయమనండి. దుంపలు మా ఆయన మోసుకెళ్లి ఇచ్చొస్తాడు."

కార్యదర్శి ముంగిస కాగితంలోంచి తల ఎత్తింది. "కూర్చోమ్మా. తీర్మానం లేకుండా బొరియ ఇస్తే దాన్ని సాయం అనరు."

"మరేమంటారు?"

"చనువంటారు."

సన్యాసమ్మ కూర్చుంది. ఆరోజే ఇరవై ఒక్కమందితో సంఘం పుట్టింది. దానికి పేరు పెట్టడానికి మూడు రోజులు పట్టింది. చివరికి 'ప్రతిభకు పందిరి' అని పెట్టారు. సంఘం పేరుతో కట్టే బొమ్మల తెర మీద ఎవరి మొహం ఎంత ఉండాలో తేల్చడానికి ఇంకో నాలుగు రోజులు. ఇరవై ఒక్క మొహాలూ పట్టాక నూకాలు మొహానికి చోటు మిగల్లేదు. కింద మూలన రెండు ముళ్లు వేశారు.

"ఎవరో తెలుస్తుందిగా," అంది ముంగిస.

ఈలోగా నూకాలు రోజూ మూడు కోసులు వస్తూనే ఉంది, మూడు కోసులు పోతూనే ఉంది. దుంపలు తవ్వుతూనే ఉంది.

పరీక్షలు రెండు రోజులున్నాయనగా మాస్టారు మళ్లీ వెళ్లారు. "బొరియ ఎప్పుడిస్తారు?"

"సభలో ఇస్తాం," అన్నారు అధ్యక్షులు. "బొరియ, దుంపలు, సన్మానం, అన్నీ ఒక్కసారే."

"సభ ఎప్పుడు?"

"మొదటి పరీక్ష రోజు పొద్దున. ఆరోజైతే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. పిలుపులు తప్పుతాయి."

"అయ్యా, మొదటి రోజు లెక్కల పేపరు. గుహ దగ్గర చివరి గంట పది దెబ్బలు. పదో దెబ్బ తర్వాత నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. ఆ నియమం పెట్టింది మీరే."

"నేనే పెట్టాను గనక నాకు తెలీదా? తలా ఒక్క మాట. పిల్లకి చెయ్యి ఊపి పంపిస్తాం."

మాస్టారు విరగని కొమ్ము వంచి అక్కడే నిలబడిపోయారు. ముంగిస ఆయన్ని కూడా సన్మాన పట్టికలో వేసుకుంది, ఎందుకైనా మంచిదని.

పరీక్ష రోజు నూకాలు చీకటితో బయల్దేరి, తెల్లారేసరికి గుహ దగ్గరుంది. జీవితంలో మొదటిసారి మొదటి గంట కంటే ముందు వచ్చింది. గుహకి పైన గుట్ట, గుట్ట మీద వేదిక. ఇద్దరు సభ్యులు ఎదురొచ్చి ఆ పిల్లని గుట్ట ఎక్కించారు.

తలా ఒక్క మాట మొదలైంది. అడవిపంది తన చిన్ననాటి కష్టాలు చెప్పింది. అవి చాలా ఉన్నాయి. నెమలి తోక విప్పి, ఈ తోక వెనక ఎంత శ్రమ ఉందో చూపించింది. అది విప్పుకున్నంతసేపూ వెనకవాళ్లకి సూర్యుడు కనబడలేదు.

తర్వాత శాలువాలు. గిజిగాడు చెట్టు నారతో అల్లినవి. "వందేళ్లు చిరగవు," అని గిజిగాడు పూచీ పడింది. ఇరవై ఒక్కమంది సభ్యులు, ఇరవై ఒక్క శాలువాలు. ఎవరి చేత్తో వాళ్లే కప్పాలి.

మొదటిది అధ్యక్షులు కప్పారు. నార ముళ్లలో దిగి అతుక్కుపోయింది.

"తాతగారూ," అంది నూకాలు మెల్లగా, "మా ఒంటికి శాలువా నప్పదండి. ఎక్కుతుంది గానీ దిగదు."

"వినయం," అన్నారు అధ్యక్షులు సభవైపు తిరిగి. "చూశారా, వినయం." సభ చప్పట్లు కొట్టింది.

రెండోది పడింది. మూడోది పడింది. నాలుగో శాలువా దగ్గర నూకాలు కిందికి, గుహ ద్వారం వైపు చూసింది. చూసి లెక్క వేసింది.

"ఒక్కో శాలువా వేలు మందమండి. రెండు పక్కలా కలిపితే రెండు వేళ్లు. నా వెడల్పు ఇరవై వేళ్లు. ఆ ద్వారం నలభై. పది శాలువాలదాకా పడతాను. పదకొండోది కప్పారంటే ఇక పట్టను."

అధ్యక్షులు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"విన్నారా? కాగితం లేదు, కలం లేదు, నోటితో వేసింది. ఇలాంటి బిడ్డకి మనం ఎంత చేసినా తక్కువే."

చప్పట్లు ఆగలేదు. ఆ చప్పట్లలోనే అయిదు నుంచి పదిదాకా పడిపోయాయి. పదకొండో వంతు నెమలిది. "నాది రంగు బాగుంటుంది, పైన కనబడాలి," అని అది తన శాలువా పట్టుకుని అంతసేపూ వెనక్కి జరుగుతూ వచ్చింది. చివరికి పైన తమదే ఉండాలని మిగతావాళ్లూ కొట్లాడుకుని, అందరూ ఒక్కసారే మీద పడ్డారు. ఇరవై ఒకటోది పడేసరికి నూకాలు కాళ్లు భూమికి ఆనలేదు. ముక్కు మాత్రం బయటుంది.

"అరవై రెండు వేళ్లు," అంది ఆ ముక్కు.

అప్పుడే గుహ పైన వడ్రంగి పిట్ట చివరి గంట మొదలుపెట్టింది. టక్కు.

"నన్ను దొర్లించండి," అంది నూకాలు.

దుప్పి మాస్టారు ఆలోచించలేదు. కొమ్ముతో ఒక్క పోటు పొడిచారు. బంతిలా ఉన్న పిల్ల గుట్ట మీంచి దొర్లుకుంటూ వెళ్లింది. దారిలో బొమ్మల తెరకి తగిలి, అధ్యక్షుల బొమ్మ మొహంలోంచి దూసుకుపోయి, అందరికంటే ముందు ద్వారం చేరింది. చేరి, గడప బయటే ఇరుక్కుపోయింది.

ద్వారం దగ్గర కాపలా తొండ. దాని తల ఎప్పుడూ పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది.

"ఈ పిల్లని లోపలికి రానిస్తావా?" అని అరిచారు మాస్టారు.

తొండ తల ఊపింది.

"అయితే కాస్త జరుగు, తలుపు రెండో రెక్క కూడా తియ్యి."

"కుదరదు."

"ఊపావు కదయ్యా!"

"తల ఊపడం మా వంశాచారం," అంది తొండ ఊపుతూనే. "ద్వారం నలభై వేళ్లు. ఎక్కువ తెరిస్తే నక్కలు దూరతాయి."

ఈలోగా ఇరవై ఒక్కమంది సభ్యులూ గుట్ట దిగి వచ్చారు. ఎవరి శాలువా వాళ్లు పట్టుకుని లాగారు. శాలువాలు రాలేదు, ముళ్లు వచ్చాయి. నూకాలు ఒకసారి మూలిగింది, తర్వాత మూలగలేదు. గిజిగాడు పక్కన నిలబడి, "చెప్పానా, చిరగదని," అంది.

సన్యాసమ్మ వాళ్ల కాళ్ల సందుల్లోంచి దూరి వచ్చింది. "జరగండి. పళ్లున్నవాళ్లని రానివ్వండి." నార కొరకడం మొదలుపెట్టింది.

"పదకొండు తియ్యాలి పిన్నీ," అంది ముక్కు. "పది ఉండిపోయినా పర్లేదు."

వడ్రంగి పిట్ట ఆగి ఆగి కొడుతోంది. మూడు దెబ్బలు. నాలుగు. సన్యాసమ్మ రెండు తీసింది, మూడు తీసింది. ఏడో దెబ్బకి ఆరు తీసింది. తొమ్మిదో దెబ్బకి ఎనిమిది. తొమ్మిదో శాలువా దగ్గర దాని ముందు పన్ను విరిగింది. అయినా కొరికింది. తొమ్మిదోది ఊడేసరికి పదో దెబ్బ పడింది.

"తియ్యాల్సినవి ఇంకా రెండుండిపోయాయి," అంది నూకాలు.

తొండ తల ఊపుతూ తలుపు వేసింది.

లోపల మొదటి ప్రశ్న చదువుతుంటే బయటికి వినబడింది. నూకాలు ఉన్నచోటునుంచే జవాబు చెప్పింది.

"సరైన జవాబే," అంది తొండ తలుపు సందులోంచి. "బయట చెప్పిన జవాబుకి మార్కుల్లేవు."

మర్నాడు మండలి సమావేశమైంది. 'ఒక ప్రతిభావంతురాలికి సంపూర్ణ సహాయం అందించబడినది' అని ముంగిస రాసింది. బొరియ, దుంపలు ఇవ్వడం మరిచిపోయారని సన్యాసమ్మ అంది. ఆ మాట కూడా రాసుకున్నారు, 'హర్షధ్వానాలు' అన్న చోట.

కొలువు మేనల్లుడికి వచ్చింది. వానలు పడ్డాయి. వాగు ఎప్పుడొస్తుందని మండలి అడిగింది. "వచ్చాక చెబుతా," అన్నాడు. మాట తప్పలేదు. వాగు వచ్చి మండలి కొట్టాన్ని, తీర్మానాల కట్టల్ని, మిగిలిన శాలువాలని తీసుకుపోయాక చెట్టెక్కి చెప్పాడు. ఆ చెట్టు ఇక దిగలేదు. ఎలుగుబంటి అధ్యక్షులు పక్క చెట్టు మీద మూడు రోజులు కూర్చున్నారు, ఏడ్చారు, తర్వాత ఆకలేసింది. కుందేళ్లు మాత్రం నాలుగు రోజుల ముందే మెట్ట ఎక్కి ఏదుపందుల ఇంట్లో దుంపలు తింటున్నాయి. నూకాలు చెప్పింది గనక.

మరుసటి ఏడు పరీక్షలకి నూకాలు సన్యాసమ్మ పక్క బొరియలో ఆరు రోజులుంది. తీర్మానం లేదు, తెర లేదు. దుంపలు సన్యాసమ్మ మొగుడూ దుప్పి మాస్టారూ వంతులవారీగా మోశారు. లెక్కల్లో నూటికి నూరు వచ్చాయి. ఖాళీగా ఉన్న కొలువులో చేరింది. తల్లీ చిన్నవాళ్లూ మెట్ట దిగారు. సంగతి తెలిసి అధ్యక్షులు కళ్లు తుడుచుకుంటూ శాలువా పట్టుకుని వచ్చారు. నూకాలు ఆయన్ని చూసి ముందు బొరియలోకి దూరింది, లోపల్నుంచి నమస్కారం పెట్టింది.

నీతి: అడవంతా సాయానికి వస్తుంటే, ముందు గుమ్మం దాటాలి, దండాలు ఆనక పెట్టొచ్చు.

మొత్తం పోయినవి ముళ్లు నలభై రెండు, పన్ను ఒకటి, ఏడాది ఒకటి. ముళ్లు మొలిచాయి. పన్ను మొలిచింది. ఏడాది మొలవలేదు.