రవళి కంటే ముందు పోయిన సంచి

సోమవారం పొద్దున రవళి ఇంకా నిద్ర లేవకముందే ముత్యమ్మ మనవరాలి సంచి సర్దేసింది. రెండు జతల బట్టలు, జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం. పుణెలో జరిగే పెద్ద సభలో రవళి బోరు నీళ్ల మీద చేసిన తన పరిశోధన వినిపించాలి. బండి రేపు రాత్రి. రేపు మంగళవారం! మంగళవారం పయనమంటే ముత్యమ్మ అస్సలు ఒప్పుకోదు.

అందుకే పంచాంగం కూడబలుక్కుని, మంచి గడియలో సంచిని పక్కింటి ఇందిరమ్మ దగ్గర ప్రస్థానం ఉంచింది. సంచి కదిలితే మనిషి కదిలినట్టే లెక్క. అయితే గడప దాటిన సంచి ప్రయాణం ముగిసేదాకా ఇంటికి రాకూడదు. పైగా అందులో ఆ మనిషి పనిముట్టు కూడా ఉండాలి. వడ్రంగికైతే బాడిస, మంగలికైతే కత్తి. రవళికి? ల్యాప్‌టాప్‌ను పాత చీరలో చుట్టి అడుగున పెట్టింది.

రవళి తల తుడుచుకుంటూ ఫోన్ చూసి కేక పెట్టింది. "నానమ్మా, రివ్యూలొచ్చినయ్!"

పేపర్ తీసుకున్నామని వారం కిందటే కబురొచ్చింది. దాన్ని చదివినవాళ్లు ఏమన్నారో తెలిసింది మాత్రం ఇవాళే. వాళ్లడిగిన దిద్దుబాట్లు సాయంత్రంలోగా పంపకపోతే పుణె లేదు.

"చదివినోళ్లు ఎందరే?"

"ముగ్గురు."

"ఏ ఊరోళ్లు? ఆడోళ్లా, మొగోళ్లా?"

"ఏం చెప్పరు నానమ్మా. పేర్లు గూడ చెప్పరు."

"మొకం సూపియ్యకుండ వంకలు వెట్టుడేందే! మా అత్త నయం, ఎదురుంగనే తిట్టేది. ఇంతకు ఏమన్నరు?"

"ఆగు, చూస్త. నా ల్యాప్‌టాపేది?"

"అది పయనమైంది," అంది ముత్యమ్మ.

రవళి పక్కింటికి పరుగెత్తింది. తాళం. ఫోన్ చేస్తే ఇందిరమ్మ కిష్టారెడ్డిపేటలో బిడ్డ ఇంట్లో ఉంది. "సంచా? మా ఆయన తీస్కపాయె గదనే! నువ్వు మరిసిపోయినవనుకున్నడంట. పస్తానమని ఆయనకు చెప్పకనే బస్సెక్కిన!"

ఇందిరమ్మ భర్త సత్తయ్య కంది క్యాంపస్‌లో తోటమాలి. సంచిని బైక్‌కు కట్టుకుని పోయి, రవళికి చదువు చెప్పే కమలాకుమారి మేడం బల్ల మీద పెట్టాడు. "రవళిది మేడం," అని చెప్పి నీళ్లు పట్టడానికి వెళ్లిపోయాడు.

మేడం అప్పటికే రివ్యూలు చదివింది. రెండో రివ్యూయర్ రవళిని ఉతికి ఆరేశాడు. ఎదురుగా చూస్తే సర్దిన బట్టలు, క్యాంపస్ వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్. పిల్ల దాన్ని తిరిగిచ్చేసిందంటే చదువుకు దండం పెట్టినట్టే! ఫోన్ చేస్తే, రవళి ఇందిరమ్మతో మాట్లాడుతోంది. ఇక పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఉన్న తండ్రి రాంచందర్‌కు చేసింది. "మీ అమ్మాయి మనసు విరిగి ఎటో వెళ్లిపోతున్నట్టుందండీ."

రవళి, ముత్యమ్మ ఆటోలో కంది చేరేసరికి గేటు దగ్గర రాంచందర్ ఏడుస్తున్నాడు. తలమీద ఫ్యాక్టరీ హెల్మెట్ అలాగే ఉంది. వెంట షిఫ్టులో సగంమంది ఉన్నారు.

"యాడికి పోయినవ్ బిడ్డా!"

"నేనేడికీ పోలే బాపూ. నా సంచే పోయింది."

సంచి పట్టుకుని గేటు దగ్గరికి వచ్చిన మేడం, సంగతి తెలిసి తల పట్టుకుంది. "ఇంటికి తీసుకెళ్లి నిదానంగా దిద్దుకో రవళీ."

"ఇంటికా! నేనుండంగ గా సంచి గడప తొక్కది," అంది ముత్యమ్మ, సంచి మీద చెయ్యేసి.

చివరికి గేటు కాపలావాళ్ల బల్ల మీదే ల్యాప్‌టాప్ తెరిచారు. షిఫ్టు మొత్తం వంగి చూసింది. మొదటివాడు మెచ్చుకున్నాడు. రెండోవాడు, ఒక్క ఊరి బోరు నీళ్లే ఎందుకు పరీక్షించారని నిలదీశాడు.

"మా ఊరి బోరు గూడ రాయ్ చెల్లె, పసుపచ్చగొస్తది!" అన్నాడొకడు.

"మూడో ఆయనేమన్నడు?" అంది ముత్యమ్మ.

"ఇంక రాయలే నానమ్మా."

"గంతమందిని పరేషాన్ చేసి ఆయనేడికి పోయిండు? ఎప్పుడొస్తడంట?"

పొద్దు గుంకకముందే దిద్దుబాట్లు వెళ్లిపోయాయి. సంచి మళ్లీ మేడం గదికే చేరింది. ఆటోలో ఇంటికొస్తూ రవళి అడిగింది. "నానమ్మా, తాతకు గూడ పస్తానం పెట్టినవా?"

లారీల మోతలో ముత్యమ్మ గొంతు పెంచింది.

"పెట్టిన. మంచి గడియ సూసే పెట్టిన."

మూడో రివ్యూయర్ జవాబు బుధవారం వచ్చింది. రవళి ఆదివారం వచ్చింది. పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో, మృగశిర కార్తె మొదలైన మిరుగు నాడు షోలాపూర్ మిల్లుకు పోయిన తాత పెద్దరాములు మాత్రం రాలేదు.