కాపలా ఆవు

తిరుచానూరు శివారులోని మా వీధిలో జ్వరం ఉందో లేదో ప్రకటించే అధికారం ప్రస్తుతం ఒక ఆవుకు ఉంది.

దోమల ముందస్తు సమాచార విభాగం (ఆ పేరుతో ఒక గది, రెండు కుర్చీలు ఉన్నాయి) జూన్‌లో ఈ ఏర్పాటు చేసింది. మెదడువాపు జ్వరాన్ని మోసే దోమలు మనిషి కంటే ముందు పశువును కుడతాయి. అందుకని వీధికొక పశువును కాపలా జంతువుగా నియమించి, పదిహేను రోజులకోసారి రక్తం తీస్తారు. అందులో జ్వరం ఆనవాలు కనిపిస్తే పొగబండి వస్తుంది, జ్వరమొచ్చిన మనుషులకు పరీక్ష చేస్తారు. కనిపించకపోతే వీధిలో జ్వరం లేదు. (వచ్చినవాళ్లు మాత్రలు వేసుకోవచ్చు.)

మా వీధికి వరదమ్మ ఆవును నియమించారు. ఎనిమిదిసార్లు రక్తం తీశారు. ఎనిమిదిసార్లూ సున్నా. వెనక లాడ్జి మురుగునీళ్లు మా గోడల కిందే నిలుస్తున్నా సున్నాయే వచ్చింది కాబట్టి, విభాగం దీన్ని విజయంగా నమోదు చేసుకుంది.

తొమ్మిదోసారి ఫీల్డ్ అసిస్టెంటు గుణశేఖర్ వచ్చేసరికి వరదమ్మ భర్త మునిరామయ్య అరుగు మీద పడుకుని ఉన్నాడు.

"నాలుగు దినాలుగా జరమబ్బా," అంది వరదమ్మ. "తల పగిలిపోతాండాదంటాడు. నిన్నట్నుంచి నన్ను వాళ్లక్క పేరు పెట్టి పిలస్తాండాడు. ఈయనకి గూడా రక్తం తియ్యి."

"కుదరదక్కా. మీ వీధి సున్నాలో ఉండాది. ఆవుకు రాంది మనిషికి యెట్లొస్తాది?"

"ఆవు దోమతెరలో పొణుకుంటాది. సాయంత్రమయితే యాపాకు పొగ బెడతాను. పాడి ఆవప్పా అది, దోమల పాలు జేస్తానా?"

గుణశేఖర్ నిబంధనల పుస్తకం తిరగేశాడు. ఆవుకు దోమతెర గురించి అందులో లేదు.

"మరి అన్న యాడ పొణుకుంటాడు?"

"కొట్టం బైట. ఆవుకి కాపలా."

వీధిలో కాపలా ఉన్నది ఎవరో తేలింది కాబట్టి గుణశేఖర్ మునిరామయ్యకు రక్తం తీసి, కొత్త ఫారం తీశాడు. చెవి ట్యాగు నంబరు: ఆవుదే వేశాడు. జాతి: నాటు. పాల దిగుబడి: లేదు. వయసు మాత్రం పళ్లు చూసి రాయాలి.

మునిరామయ్య నోరు తెరిచాడు. "ఎనకవి రెండు ల్యావు నాయనా. సూసి రాయి," అన్నాడు.

ఆరో రోజున ఫలితం వచ్చింది. ఆనవాలు ఉంది. పశువును మందలో కలపరాదని, పాలు కాచి తాగాలని కింద అచ్చులో ఉంది. ఆ సాయంత్రమే పొగబండి వచ్చి కొట్టం చుట్టూ రెండుసార్లు తిరిగింది. అప్పటికి మూడు రోజులుగా మునిరామయ్య తిరుపతిలో ఒక ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు.

వారం తర్వాత వరదమ్మకు నోటీసు వచ్చింది. మీ వీధి కాపలా జంతువు విధులకు హాజరు కావడం లేదు. ఖాళీని మూడు రోజుల్లో భర్తీ చేయాలి. దోమ కుట్టడం లేదు గనుక ఆవు అనర్హం. ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉన్నారో, ఎన్నేసి పళ్లు ఉన్నాయో రాసి పంపాలి.